ఆ రోజు చెయ్యెత్తినవాళ్ళు

ఎవరూ అడగని సంగతి

బైబిలు శిక్షణ ముగించుకుని కొత్తగా సంఘాలకు వెళ్ళబోయే పిల్లలు అప్పుడప్పుడు మార్కాపురంలోని మా ఇంటికి వస్తుంటారు. ప్రసంగం ఎలా తయారు చేసుకోవాలి, సంఘ పెద్దలతో ఎలా మెలగాలి, బదిలీ ఎప్పుడు అడిగితే బాగుంటుంది అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. వాళ్ళు అడగనిది ఒకటుంది. మనకంటే ముందు అక్కడ పనిచేసినవాడు ఒక తప్పు చేసి వెళ్ళిపోతే, ఆ తప్పు జరుగుతున్నప్పుడు చూస్తూ కూర్చున్న జనంతో మనం ఏం చెయ్యాలి? ఇది నాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. పని చివరి రోజుల్లో ఒక పల్లె నేర్పింది. దాని గురించే ఇది రాస్తున్నాను.

పొదిలి, గిద్దలూరు, హనుమంతునిపాడు చుట్టుపక్కల పల్లెల్లో పాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కడ ఎన్నేళ్ళు, ఏ హోదాలో అన్నవి రాయను. వాటితో మీకు పనిలేదు. పాస్టరు పని అంటే ప్రసంగం అనుకుంటారు గానీ అందులో ఎక్కువ భాగం కూర్చోవడమే. చావు జరిగిన ఇంట్లో కూర్చోవాలి. ఆసుపత్రి వరండాలో కూర్చోవాలి. మాటల్లేని అన్నదమ్ముల మధ్య ఒకే మంచం మీద కూర్చోవాలి. నోరు మూసుకుని కూర్చోవడం చేతనైన వాడికి మిగిలిన పని మెల్లగా పట్టుబడుతుంది.

గిద్దలూరులో నాకు పని నేర్పిన పెద్ద పాస్టరుగారు మహా కోపిష్టి. పాటలో శ్రుతి తప్పితే ఆరాధన మధ్యలోనే కేకలేసేవారు. ఆయన్ని చూసి నేర్చుకోకూడనివి చాలా ఉన్నాయి. కానీ ఒక మాట చెప్పారు. "సంఘం తప్పు చేస్తే దాని మీద ప్రసంగం చెయ్యొద్దు. పక్కోడికి తగిలిందని ప్రతివాడూ సంతోషంగా ఇంటికి పోతాడు. నువ్వే వాళ్ళ ఇండ్లకు పో." ఆ మాట విలువ నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు.

రాయి మీద పేరు

ఆ పల్లె హనుమంతునిపాడు మండలంలోది. దాని పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. కంది, సజ్జ, వాన పడిన ఏడాది కాస్త మిరప. సొంత చేను ఉన్నవాళ్ళు తక్కువ. ఆడవాళ్ళు జట్లుగా ఆటోల్లో పొదిలి వైపు కూలికి వెళ్ళేవాళ్ళు.

నేను సామానుతో ఆటో దిగేసరికి చర్చి గుమ్మం దగ్గర ఉలి చప్పుడు వినిపిస్తోంది. ప్రారంభోత్సవం నాడు గోడకు బిగించిన పలకరాయి మీద ఒక పేరును ఇద్దరు చెక్కి తీసేస్తున్నారు. పక్కన పంచె ఎగగట్టి సంఘ పెద్ద దానం నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఆ సంఘంలో ఆయన మాటకు ఎదురు లేదు.

"వందనాలయ్యగారూ. మంచి టయానికొచ్చినారు. ఈ పేరు పోతే మాకు పట్టిన పీడ వదుల్తది" అన్నాడు.

ఆ పేరు కొన్నేళ్ళ కిందటిదాకా ఆ పల్లెలో ఉన్న పాస్టరుది. రేకుల చర్చికి స్లాబు వేయించింది ఆయనే. చర్చి ఆవరణలో బోరు వేయించింది ఆయనే. ఆ చుట్టుపక్కల భూమిలో ఎక్కడ తవ్వినా ఫ్లోరైడు నీళ్ళే పడతాయి. ఆ ఒక్క బోరులో మాత్రం తాగే నీళ్ళు పడ్డాయి. జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. తరువాత ఆయన గిద్దలూరు వైపు పెద్ద సంఘానికి బదిలీ అయ్యాడు. అక్కడ సంఘం నడిపే హాస్టల్లో చదువుకుంటున్న ఒక ఆడపిల్ల, ఆయన తనతో చేస్తున్నదేమిటో తల్లికి చెప్పింది. తల్లి పోలీసులకు చెప్పింది. ఆయన్ని అరెస్టు చేశారు. పేపర్లో పడింది, ఫోన్లలో తిరిగింది.

ఆ సాయంత్రం ప్రార్థనకు జనం నిండుగా వచ్చారు. పాటల తరువాత నన్ను మాట్లాడనివ్వలేదు. వాళ్ళే మాట్లాడారు. మిరప చేలల్లో పక్క ఊరి కూలీలు ఎగతాళి చేస్తున్నారట. పొదిలి మార్కెట్లో ఒక వ్యాపారి "మీ అయ్యగారంట గదా" అని నలుగురిలో అన్నాడట. ఒక కుర్రవాడికి కుదరబోయిన సంబంధం ఆ మాట మీదే ఆగిపోయిందట.

"ఆయన చేసిన పాపం మాకెందుకు అంటగడ్తారయ్యగారూ?" అని ఒకామె అడిగింది.

"అంటగట్టేవాళ్ళదే తప్పు" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ఒక మనిషి తలుపు వేసుకుని చేసిన నేరాన్ని, ఆయన వెనక పాటలు పాడిన కూలి ఆడవాళ్ళ నెత్తిన పెట్టడం అన్యాయం. ఆ మాట విని వాళ్ళ ముఖాలు తేరుకున్నాయి. నాకూ తృప్తిగా అనిపించింది.

అందరూ వెళ్ళాక ఒక మనిషి మాత్రం చాపలు చుడుతూ ఉండిపోయింది. పేరు రత్నమ్మ. కూలి జట్టుకు మేస్త్రి. గట్టిగా మాట్లాడే మనిషని ఆ తరువాత తెలిసింది గానీ ఆ రోజు గొంతు తగ్గించే మాట్లాడింది.

"అయ్యగారూ, సంతోషమ్మొదిన ఇంటికి పోయినారా?"

"ఆమె ఎవరమ్మా?"

"రోడ్డుకవతల చివరిల్లు. వాళ్ళని సంఘంలోంచి తీసేసినాం."

"ఎందుకు?"

ఆమె చాప గోడకు ఆనించి, నా వైపు తిరగకుండానే చెప్పింది. "వాళ్ళ పాప సువార్త ఉంది గదా, ఆయన సంగతి అప్పుడే చెప్పింది. ఈడనే చెప్పింది."

ఆ మీటింగు

సువార్త అప్పుడు పదో తరగతి చదువుతోంది. ఆదివారాలు చిన్నపిల్లలకు పాటలు నేర్పేది. ఒకరోజు ఇంటికి వచ్చి, అయ్యగారు తనను చర్చి వెనక గదిలోకి పిలిచి ఏం చేయబోయాడో తల్లికి చెప్పింది. తండ్రి ఏసేపు దానం దగ్గరికి వెళ్ళాడు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరినీ వెళ్ళవద్దని చెప్పి మీటింగు పెట్టారు.

"ఆయన మైకు పట్టుకొని ఏడ్చినాడయ్యగారూ" అంది రత్నమ్మ. "నా కూతురులాంటి పిల్ల అన్నాడు. సైతాను నా పరిచర్యను చెడగొడ్తాండాడన్నాడు. దానం మామ లేసి, ఇట్లాంటి కుటుంబం సంఘంలో ఉండాల్నా వద్దా, వద్దన్నోళ్ళు చెయ్యెత్తండి అన్నాడు. అందరం ఎత్తినాం."

"ఆ పిల్ల అక్కడే ఉందా?"

"ఎదురుగ్గానే నిలబడుకోనుండె. మమ్మల్నే చూస్తా ఉండె."

ఆ రోజు నుంచి చర్చి బోరు దగ్గరికి వాళ్ళు రాకూడదన్నారు. సంతోషమ్మ ఖాళీ బిందెతో చర్చి గేటు ముందు నుంచే నడిచి, ఊరవతలున్న ఫ్లోరైడు నీళ్ళ బోరింగుకు వెళ్ళేది. అలా ఏళ్ళు గడిచాయి.

"మేం తలకాయ దించుకొని నీళ్ళు పట్టుకొనేటోళ్ళం. ఒక్క బిందె ఆమెకు పోసిన పాపాన పోలా."

"పోయొద్దని ఎవరన్నా కాపలా ఉన్నారా?"

"ఎవరు లేరయ్యగారూ. అదే గదా నేను చెప్పేది."

మర్నాడు దానం ఇంటికి వెళ్ళాను. ఆయన నన్ను తప్పించుకోలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆయన మాట కూడా మీరు వినాలి. తీసిపారేయదగ్గ మాట కాదది.

"చదువుకున్నోడు, వాక్యం చెప్పేటోడు, మాకు స్లాబు ఏయించినోడు, మా ముందర నిలబడి ఏడ్చినాడు. నమ్మకుండా ఎట్లుంటామయ్యా? మేం మోసపోయినాం. తప్పు మోసం చేసినోడిదా, మోసపోయినోడిదా? మీరే చెప్పండి."

టీ తాగి వచ్చేశాను.

కుట్టు దుకాణం

ఏసేపు చనిపోయాడని, సువార్త మార్కాపురంలో ఒక కుట్టు దుకాణంలో పనిచేస్తోందని రత్నమ్మ చెప్పింది. వెతుక్కుంటూ వెళ్ళాను. దుకాణం ఖాసిం అనే పెద్దాయనది. టేపు మెడలో వేసుకుని కౌంటరు దగ్గర బట్ట కత్తిరిస్తున్నాడు.

"సువార్తతో మాట్లాడాలండీ" అన్నాను.

"మీరెవరు సార్?"

"పాస్టర్ని."

ఆయన కత్తెర ఆపాడు. "పాస్టర్లతో ఆమె మాట్లాడదు. మీకేమన్నా కుట్టించుకునేదుంటే చెప్పండి. లేదంటే గిరాకీ టైము ఇది."

కోపంగా అనలేదు. ఎన్నోసార్లు అన్నట్టు అన్నాడు. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. వెళ్ళమని చెప్పలేదు గనక కూర్చోవచ్చనుకున్నాను. చాలాసేపటికి ఆయనే టీ తెప్పించి నాకొక గ్లాసు పంపాడు. ఇంకాసేపటికి సువార్త బయటికి వచ్చింది. ఇరవై అయిదేళ్ళు దాటిన మనిషి. చేతిలో సూది అలాగే ఉంది.

"మీరు నాకేం చెయ్యలేదు గదా. ఎందుకొచ్చినారు?"

"ఆ సంఘానికి ఇప్పుడు నేను పాస్టర్ని. సంఘం తరఫున..."

ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు. "సంఘం అంటే ఎవరండీ? ఆ రోజు నాకు సంఘం కనపళ్ళా. రత్నత్త కనపడింది. దానం పెదనాయన కనపడినాడు. చిన్నప్పుడు నాకు జడలేసిన ఎస్తేరక్క కనపడింది. ఏ చెయ్యి ఎవరిదో గాజులు చూసి చెప్తా, ఇప్పుడు గూడా."

నేను ఊరుకున్నాను. నేర్చుకున్న పని అదొక్కటే ఆ రోజు అక్కరకొచ్చింది.

"ఆయన చేసింది చెడ్డపని. అది ఆయనకు, నాకు, దేవుడికి మధ్య ఎట్లనో తెగుతాది" అంది. "మా నాయన పోయినప్పుడు చర్చిలో గంట కొట్టలేదు. ముండ్లమూరు నుంచి మా మేనమామలొచ్చి మోసినారు. అది ఆయన చెయ్యలేదు. ఆయన అప్పటికే బదిలీ అయిపోయినాడు."

ఈ మాట దగ్గర నా ఆలోచన దారి మళ్ళింది. నేను అప్పటిదాకా పాస్టరు చేసిన తప్పులో సంఘానికి ఎంత వాటా ఉందని ఆలోచిస్తున్నాను. సువార్త అడుగుతున్నది ఆ వాటా గురించి కాదు. ఆయన తప్పు ఆయనది. గంట తాడు లాగకపోవడం, బిందె నింపకపోవడం, చెయ్యెత్తడం వీళ్ళ సొంతం. వీటిని ఇంకొకరి ఖాతాలో వెయ్యడానికి లేదు.

షామియానా

సంగతంతా మా సంఘాలన్నిటినీ చూసే పై కార్యాలయంలో చైర్మన్ గారికి చెప్పాను. చెడ్డమనిషి కాదు. ఒకపక్క కేసు, ఒకపక్క పేపర్లు, పైగా ఆయనకు ప్రతిదీ తొందరగా ముగించేయాలన్న ఆత్రం.

"ఒక మీటింగు పెడదామయ్యా" అన్నారు. "షామియానా వేయిద్దాం. నేనే వస్తాను. క్షమాపణ ప్రార్థన ఒకటి అచ్చువేయిస్తే సంఘమంతా లేచి నిలబడి చదువుతుంది. ఆ తల్లికి శాలువా కప్పుదాం. ఒక్క దెబ్బతో తేలిపోతుంది."

నాకూ అది బాగానే అనిపించింది. సంతోషమ్మకు చెప్పడానికి వెళ్ళాను. ఆమె మోకాళ్ళు వంగడం మానేసి చాలా రోజులైంది. గోడ పట్టుకుని లేస్తుంది. నీళ్ళ వల్లే అని ఆమె అనలేదు. డాక్టరు కూడా ఖాయంగా చెప్పలేదట. నేను చెప్పిందంతా విని అడిగింది:

"అందరూ కలిసి చదివితే ఎవరు చదివినట్టయ్యా? ఆ రోజు గూడా అందరూ కలిసే గదా చెయ్యెత్తింది."

శాలువా వద్దంది. షామియానా వద్దంది. నేను వెళ్ళి చైర్మన్ గారికి అదే చెప్పాను. ఆమెకు పొగరని ఆయన అనుకున్నారు. కొత్తగా వచ్చే మీకు ఒకటి చెబుతాను. పెద్దలకు సామూహిక క్షమాపణలంటే ఇష్టం. అందులో ఎవరూ ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. ఫొటోలో బాగుంటుంది. మీ పైవాళ్ళు అలాంటిది తలపెడితే, ముందు అన్యాయం జరిగిన ఇంటికి వెళ్ళి అడగండి. వాళ్ళు వద్దంటే వద్దు.

ఇంటింటికీ

గిద్దలూరు పెద్ద పాస్టరుగారి మాట ఇక్కడ పాటించాను. ఆ సంగతి మీద ఒక్క ప్రసంగం కూడా చెయ్యలేదు. సాయంత్రాలు ఇళ్ళకు వెళ్ళి ఒక్కటే అడిగేవాణ్ణి. "ఆ రోజు మీటింగులో మీరున్నారా?"

రకరకాలుగా చెప్పారు. మొగుడు ఎత్తాడు గనక తానూ ఎత్తానని ఒకామె అంది. మా పిల్లోడికి ఆయనే కాలేజీలో సీటు ఇప్పించాడు, చెయ్యి ఎలా దించుకోమంటారని ఒకాయన అడిగాడు. చెయ్యెత్తే పని తప్పించుకోవడానికే చంటిబిడ్డను ఏడిపించి బయటికి తీసుకెళ్ళానని ఎస్తేరు చెప్పింది. ఆమె గొంతులో గర్వం ఏమీ లేదు. సువార్త ఆమె చెయ్యి కూడా చూశానని చెప్పింది గదా అని నేను అడగబోయి ఆగాను. తరువాత ఎస్తేరే చెప్పింది, గుమ్మం దాకా వెళ్ళాక దానం పిలిచి నీ సంగతేందని అడిగితే అక్కడి నుంచే ఎత్తానని.

వీళ్ళందరినీ ఒకే గాటన కట్టలేం. దానం చేలో పనికి వెళ్ళే కూలి మనిషి చెయ్యీ, దానం చెయ్యీ ఒకటి కాదు. అమ్మ పక్కన కూర్చుని ఏమిటో తెలియక చెయ్యెత్తిన పిల్లల చేతులైతే లెక్కలోకే రావు. నేను ఇలా తూచుకుంటూ ఉండేవాణ్ణి. పెద్దలకు ఎక్కువ, మామూలు సభ్యులకు తక్కువ, పేదవాళ్ళకు ఇంకా తక్కువ. అది న్యాయంగానే తోచింది.

మొట్టమొదట కదిలింది రత్నమ్మ. ఒక ఆదివారం మధ్యాహ్నం సువార్త ఊరికి వచ్చిందని తెలిసి, "నాతో రండి అయ్యగారూ. మీరేం మాట్లాడొద్దు, ఊరికే ఉండండి" అంది.

సంతోషమ్మ ఇంటి గుమ్మంలో ఇద్దరం కూర్చున్నాం. రత్నమ్మ ఏదో చెప్పబోయింది. సువార్త ఆపింది.

"ఒకటే చెప్పత్తా. ఆ రోజు నువ్వు నన్ను నమ్మినావా, లేదా?"

రత్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఎండగా ఉంది గానీ తుడుచుకోవాల్సినంత చెమట లేదు.

"నమ్మినా."

"నమ్మి ఎత్తినావా?"

"నమ్మే ఎత్తినా పాపా. నా చెయ్యొక్కటి కిందుంటే రేప్పొద్దున నాకూ బోరు ఉండదనుకున్నా. ఇంట్లో ముగ్గురు పసిబిడ్డలు. అది సాకు గాదు. అడిగినావు గాబట్టి చెప్తన్నా."

సువార్త లేచి లోపలికి వెళ్ళిపోయింది. తిరిగి రాలేదు. సంతోషమ్మ మాత్రం "ఎండ తగ్గినాక పోదువులే వదినా, కూచో" అంది. కూర్చుంది రత్నమ్మ. ఇద్దరూ పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నారట. నేను మధ్యలో వచ్చేశాను.

రత్నమ్మ వెళ్ళిందని తెలిశాక ఇంకొందరు వెళ్ళారు. అందరూ కాదు. వెళ్ళిన ప్రతివాళ్ళనూ సువార్త అదే అడిగింది. కొందరు నమ్మలేదన్నారు. కొందరు నమ్మామన్నారు. ఒకసారి నాతో అంది: "నమ్మక ఎత్తినోళ్ళ మీద కోపం పోయిందండీ. వాళ్ళకు తెలవదు. నమ్మి ఎత్తినోళ్ళ మీదే ఇంకా పోలా. కానీ నాకు నిజం చెప్పింది గూడా వాళ్ళే."

ఆమె తూకం వేరు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని ఆమె చూడలేదు. ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అని చూసింది. నా తూకం కంటే అదే సరైనదని ఒప్పుకున్నాను.

దానం మాత్రం వెళ్ళలేదు. "నేను మోసపోయినా. మోసపోయినందుకు పోయి ఆడపిల్ల కాళ్ళు పట్టుకోవాల్నా?" అనేవాడు.

క్షమాపణ వద్దంది

ఆ రోజుల్లోనే ఇంకో కబురు వచ్చింది. గిద్దలూరు వైపు సంఘం వాళ్ళు పోలీస్ స్టేషన్ ముందు కూర్చుని, మా అయ్యగారు మంచివాడు, ఆ పిల్లే అబద్ధం చెబుతోందని పాటలు పాడుతున్నారట. ఆ వీడియో సువార్త ఫోనుకూ వచ్చింది.

ఆమె ఊరికి వచ్చి తల్లి ముందు, రత్నమ్మ ముందు, నా ముందు చెప్పింది. "ఆ పిల్ల ఒక్కతే ఉంది. నేనూ కంప్లైంట్ ఇస్తా."

మా మండలం స్టేషన్‌లో కనుక్కుంటే అక్కడి మహిళా ఎస్సై, ఇన్నేళ్ళ నాటి సంగతి గనక అప్పట్లో ఆమె నోటి నుంచి విన్నవాళ్ళు ఎవరైనా చెబితే కేసుకు బలం అంది. సువార్త రత్నమ్మ వైపు తిరిగింది.

"క్షమాపణ నాకొద్దత్తా. నా గడపలో చెప్పిన మాట స్టేషన్‌లో చెప్పు."

అప్పుడు గానీ పల్లెకు అసలు భయం పట్టలేదు. గుమ్మంలో కూర్చుని కంటతడి పెట్టడం ఒక ఎత్తు. పోలీసుల ముందు, రేపు కోర్టులో, ఆ పిల్ల చెప్పింది మేం విన్నాం, విని ఆమెనే వెళ్ళగొట్టాం అనడం ఇంకో ఎత్తు. మమ్మల్ని కూడా లోపలేస్తారా అని నన్ను అడిగారు. నేను మార్కాపురంలో ఒక లాయరును కనుక్కున్నాను. మైనరు పిల్ల విషయం తెలిసి చెప్పనందుకు ప్రశ్నించే అవకాశం ఉంది, ఏమీ కాదని మాట ఇవ్వలేను అన్నాడాయన. ఆ మాట అలాగే తెచ్చి చెప్పాను. మెత్తగా చేసి చెప్పి ఉంటే ఇంకొందరు వచ్చేవాళ్ళు. కానీ ఒకసారి ఒక పాస్టరు చెప్పిన మెత్తటి మాటలు వినే వాళ్ళు ఇక్కడిదాకా వచ్చారు.

చైర్మన్ గారు ఫోన్ చేశారు. "ఉన్న కేసే మనకు తలనొప్పిగా ఉంది. నువ్వు రిటైర్మెంటు ముందు ఇదంతా ఎందుకు నెత్తిన వేసుకుంటావు?"

"నేనెవరినీ పొమ్మనలేదండీ. పోయేవాళ్ళతో పోతాను" అన్నాను.

ఆ ఉదయం మా ఆటోలో సువార్త, సంతోషమ్మ, రత్నమ్మ, ఎస్తేరు, నేను. చెయ్యెత్తిన జనం చర్చి నిండా ఉన్నారు. ఆటో మాత్రం ఒక్కటే సరిపోయింది. స్టేషన్‌కు చేరాక ఖాసిం దుకాణం మూసి వచ్చి బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు.

రత్నమ్మ చెప్పింది రాసుకోవడానికి చాలాసేపు పట్టింది. బయటికి వచ్చి, "చెయ్యి ఎత్తినానని గూడా చెప్పినా" అంది సువార్తతో. సువార్త తల ఊపింది.

నా ఉద్దేశం

కేసు ఇంకా నడుస్తోంది. రత్నమ్మను, ఎస్తేరును ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు. సంతోషమ్మ మళ్ళీ ఆరాధనకు వస్తోంది. గోడవారగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. సువార్త రాదు. రమ్మని నేను అడగలేదు. మీరు కూడా అలాంటివాళ్ళను రమ్మని తొందర పెట్టకండి. వాళ్ళు రావడం మన మనశ్శాంతి కోసం కాకూడదు.

నాయకుడు చేసిన దానికి మామూలు సభ్యుడు బాధ్యుడా అని ఈమధ్య పిల్లలు వాదించుకుంటుంటే విన్నాను. పొదిలి వ్యాపారి అన్నట్టు అందరూ దోషులే అంటే, అసలు దోషి జనంలో కలిసిపోతాడు. దానం అన్నట్టు మేం మోసపోయాం అంటే, ఏ నాయకుడి సంఘానికీ ఎప్పుడూ ఏ బాధ్యతా ఉండదు. నాయకుడి చేతులు చేసినవి నాయకుడివి. కానీ ఆయనకు ఆ బలం ఎక్కడి నుంచి వచ్చింది? ఒంటరిగా అయితే ఆయన ఒక పదో తరగతి పిల్ల నోరు కూడా మూయించలేకపోయేవాడు. ఆ నోరు మూయించింది చర్చి నిండా లేచిన చేతులు. ఆ పల్లెలో ఎవరైనా ఒక్కరు చెయ్యి దించుకుని ఉంటే గిద్దలూరు పిల్ల బతుకు ఇంకోలా ఉండేదేమో. ఖాయంగా చెప్పలేను. ఆ ప్రశ్నను మాత్రం వాళ్ళ నుంచి దాచలేదు.

కొత్తగా వెళ్ళే మీరు జనాన్ని నిందించడానికి తొందరపడకండి. ఊరడించడానికి అంతకన్నా తొందరపడకండి. మొదటి రోజు సాయంత్రం నేను ఊరడించాను. రత్నమ్మ చాపలు చుడుతూ ఉండిపోకపోతే ఆ పల్లెలో అంతటితో అన్నీ సర్దుకుపోయేవి.

దానం

ఆ రోజు స్టేషన్‌లో జరిగిన ఇంకొకటి చెప్పాలి.

మధ్యాహ్నం ఎస్తేరు లోపల ఉండగా గేటు బయట బస్సు ఆగింది. దానం దిగాడు. తెల్లచొక్కా, ఆదివారం కట్టుకునే పంచె. వరండా మెట్లు ఎక్కి, సువార్త కూర్చున్న బెంచీకి కాస్త దూరంగా నిలబడ్డాడు. ఆమె లేవలేదు.

ఎస్సై బయటికి వచ్చి ఎవరని అడిగింది. నేనే చెప్పాను, సంఘ పెద్ద అని.

"సంఘం తరఫున వచ్చారా?" అని అడిగిందామె.

"లేదమ్మా. సంఘం పంపలేదు. నా అంతట నేనొచ్చినా."

"ఏం చెప్పాలనుకుంటున్నారు?"

"మీటింగుకు ముందురోజు ఈ పిల్ల నాయన నా ఇంటికొచ్చినాడు. అంతా చెప్పినాడు. నేను ఆ పాస్టర్ని పిలిచి అడగాల్సింది. అడగలా. ఈ పిల్లని పిలిపించి, ఇట్లెందుకు చెప్తన్నావని గద్దించినా. మరుసటి రోజు చెయ్యెత్తమన్నది నేనే."

సువార్త అప్పుడు ఆయన వైపు చూసింది. "పెదనాయనా, నువ్వు నన్ను నమ్మినావా?"

ఇన్నాళ్ళూ నాకు చెప్పిన మాటే చెబుతాడనుకున్నాను, మోసపోయానని.

"నమ్మకం కుదిరింది తల్లీ" అన్నాడు. "మీ నాయన మొహం చూసినప్పుడే కుదిరింది. నిజమంటే సంఘం ఏమైపోతాదో, స్లాబు ఏసిన చర్చి ఏమైపోతాదో అనుకున్నా. అందుకని నమ్మగూడదనుకున్నా."

దానం కళ్ళు తుడుచుకోలేదు, చేతులు జోడించలేదు. సువార్త ఎస్సై వైపు తిరిగింది.

"ఆ మాట గూడా రాసుకోండి మేడం" అంది. "ఆయన చెప్పింది చెప్పినట్టే రాసుకోండి."